పిన్ని లింకుల అలమర

మా పిన్ని రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎదుటి మనిషి చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది అందుకుని, అప్పుడు "పేరు చెప్పండి" అంటుంది. పేరు చీటీ మీద ఉంటుంది, అయినా నోటితో చెప్పాల్సిందే. ఒకసారి మా అమ్మ వెళ్తే అమ్మనీ అడిగింది.

"నీ అక్కనే" అంది అమ్మ.

"అది చుట్టరికం. పేరు చెప్పు."

తోడబుట్టిన అక్కనే పేరడిగిన మనిషి ఇంకెవర్ని నమ్ముతుంది? కూరల కొట్టువాడి తూకాన్ని, రేడియోలో వాన కబురుని, మా నాన్న నవ్వుని ఒకేలా అనుమానించేది. నాన్న ఆమెని "డిటెక్టివ్ గారూ" అని పిలిచేవాడు. ఆ పిలుపులో వెటకారమెంతో, మర్యాద ఎంతో తేలక దాన్నీ అనుమానించేది.

ఇలాంటి మనిషి ఇంటర్నెట్ జోలికే పోదనుకున్నాం. పోవడమేమిటి, అందులో కాపురమే పెట్టింది. ల్యాబులో తనతో పనిచేసే ఒకామె ఏదో వెబ్‌సైటు చూపించిందట. మనకి పనికొచ్చే లింకులన్నీ అందులో దాచుకోవచ్చు, తీరుగా సర్దుకోవచ్చు, కావలసినవాళ్ళు వాళ్ళ ఫోన్లో చూసుకునేలా తలుపు తీసి పెట్టొచ్చు. పిన్ని దానికి 'అలమర' అని పేరు పెట్టుకుంది. కరెంటు బిల్లులకో అర, ఆసుపత్రులకో అర, బస్సు టికెట్లకో అర, మిక్సీ బాగుచేసుకునే వీడియోలకో అర. ఏ లింకైనా ముందు తాను తెరిచి, అడుగునున్న నంబరుకి ఫోన్ చేసి, అవతల మనిషి పలికితేనే లోపలికి రానిచ్చేది. "మీరు నిజంగా ఉన్నారా అండీ?" అని అడుగుతుందని నాన్న చెప్తే కల్పించాడనుకున్నాను. తర్వాత ఓ రోజు నా చెవులతో నేనే విన్నాను.

చుట్టాలు, ల్యాబువాళ్ళు, మా మేడలో అన్ని వాటాలవాళ్ళు ఆ అలమర మీదే ఆధారపడిపోయారు. ఎక్కణ్ణుంచి ఏ లింకు వచ్చినా, "మీ పిన్ని పెట్టిందేనా?" అని అడిగేవాళ్ళు. అవునంటే ఇంక మాటలేదు, వేలు దాని మీద పడిపోయేది.

అన్నిటికన్నా కింద ఓ అర ఉండేది. దాని పేరు 'నమ్మరాదు'. జనాన్ని ముంచే లింకుల్ని ఏరుకొచ్చి అందులో పడేసేది. "పోలీస్ స్టేషన్ గోడకి దొంగల ఫొటోలు అంటించరూ? ఇదీ అంతే. మొహం తెలిస్తే జాగ్రత్తపడతారు" అనేది. తమాషా ఏమిటంటే జనం ఎక్కువగా తెరిచి చూసేది ఆ అరనే. నాన్నకైతే పొద్దున్నే కాఫీతోపాటు అదే కాలక్షేపం.

అమ్మ ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. కుడికంటికి పేజీ అంచు మసకగా ఉంటోందని, పక్కనుంచి వచ్చే మనిషి మీదికొచ్చేదాకా కనిపించడం లేదని ఆ మధ్య అనడం మొదలుపెట్టింది. చూపించుకోమని వెంటపడ్డాం. కొన్నాళ్ళకి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "కంటి ఆసుపత్రిలో పేరు రాయించానే. వాళ్ళే ఫోన్ చేసి ఎప్పుడు రావాలో చెప్తారట. మీ పిన్ని అలమరలోదే" అంది. ఆ ఆఖరి మాటతో ఇంట్లో అందరి బెంగా తీరిపోయింది.

ఫోన్ రాలేదు. పెద్ద ఆసుపత్రి కదా, వరసలో చాలామంది ఉంటారనుకుంది అమ్మ. ప్రెస్సులో బల్లదీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. వానలు వెలిసి ఎండలు ముదిరాయి. ఒకరోజు మేడ మెట్లు దిగుతూ మెట్టు కనపడక తూలిపోయింది. నేను రెక్క పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో. అలాగే చెయ్యి వదలకుండా ఆటోలో ఆ కంటి ఆసుపత్రికే తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసి నీటికాసులు, గ్లాకోమా అన్నారు. "కుడికంట్లో పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది కాపాడుకుందాం. ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "మీరు పిలుస్తారని కూర్చున్నాం. మీ దగ్గరేగా పేరు రాయించింది!"

బయట కౌంటరు దగ్గర అమ్మాయి అమ్మ ఫోను అందుకుని ఆ పేజీ చూసింది. "ఇది మాది కాదండీ. మా పేరు పెట్టుకుని ఎవరో నడుపుతున్నారు. జనం వివరాలు లాక్కోవడానికి." ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మొహం చూడలేకపోయాను.

అక్కణ్ణుంచే పిన్నికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె అంతా విని, "నా అలమరలో అలాంటిది ఉండదు. ఎవరో దూర్చారు" అంది. ఏడవలేదు, అయ్యో అనలేదు. దర్యాప్తు మొదలుపెట్టింది.

ముందు పాస్‌వర్డు మార్చింది. తర్వాత వెబ్‌సైటువాళ్ళని అనుమానించి ఘాటుగా ఓ ఉత్తరం పంపింది. తనుగాక అలమరలో లింకులు పెట్టగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆ ల్యాబు ఆమె. పురిటికి వెళ్ళి అప్పటికి ఫోనే ముట్టుకోవడం లేదు. రెండోవాడు మా నాన్న. అమ్మ పోరితే ఇచ్చిన హక్కు అది. నాన్న ఒకసారి కోతి వీడియో ఒకటి తీసుకెళ్ళి ఆసుపత్రుల అరలో పెట్టిన సంగతి పిన్ని మర్చిపోలేదు. నాన్నని అలమరలోంచి తీసేసి, ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"బావా, ఆ లింకు మీరే పెట్టారు."

నాన్న చేతిలో పేపరు మడిచాడు. "పెట్టలేదమ్మాయ్. పంపాను. మీ అక్కకి నేనే పంపాను, ఒప్పుకుంటాను. కానీ అది నీ అలమరలో దొరికిందే."

"దొరకదు. మీకు అంతా నవ్వులాటే. ఈసారి నవ్వులాట మా అక్క కంటి మీదికొచ్చింది."

నాన్న మొహం నల్లబడిపోయింది. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఆ క్షణాన ఆయన మీద అనుమానం వచ్చిన మాట నిజం. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"పైన వెతికే గడి ఉంటుంది చూడు" అన్నాడు నిదానంగా. "అందులో 'కంటి ఆసుపత్రి' అని కొట్టాను. మొదట వచ్చింది మీ అక్కకి పంపాను. అంతే. కావాలంటే నువ్వే కొట్టు."

పిన్ని కొట్టింది. ఆయన అబద్ధాన్ని బయటపెట్టడానికే కొట్టింది. నేను వెనకనుంచి చూస్తున్నాను. తెర మీద మొదటి లింకు అదే. ఆసుపత్రి బొమ్మ, తెల్లకోటులో నవ్వుతున్న డాక్టరు, కింద చిన్న అక్షరాల్లో 'చేర్చినవారు' అని పిన్ని పేరు, పక్కన ఆమె ఫొటో. ఏ అరలోదో ఎక్కడా లేదు. ఆమె పేరు నొక్కితే ఆ లింకున్న అర తెరుచుకుంది. అక్కడ పైన ఉంది, 'నమ్మరాదు' అని.

దొంగ ఫొటో గోడ మీంచి ఊడొచ్చింది. దాంతోపాటు 'దొంగ' అన్న మాట రాలేదు. పట్టుకున్న మనిషి పేరు మాత్రం వచ్చింది.

పిన్ని గుమ్మం దగ్గరే కిందకి జారి కూలబడింది. "నేనే పెట్టాను" అంది. "ఫోన్ చేస్తే ఎవరూ పలకలేదని నేనే అందులో పెట్టాను."

మంచం మీద ఆనుకుని వింటున్న అమ్మ నెమ్మదిగా అంది. "ఆ పేజీలో రెండు అచ్చుతప్పులు కనపడ్డాయే. ఇంత పెద్ద ఆసుపత్రివాళ్ళు ఇలా రాస్తారా అనుకున్నాను. మీ బావ పంపిన లింకు కింద నీ పేరు చూసి ఊరుకున్నాను."

అమ్మ నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా బాగుండేది. నాన్న లేచెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. పిన్ని ఆ గ్లాసు అందుకుని, "బావా, నన్ను..." అని ఆగిపోయింది. "తాగమ్మా" అన్నాడు నాన్న.

ఆ రోజే పిన్ని 'నమ్మరాదు' అర మొత్తం తుడిచేసింది. మేడలోవాళ్ళు ఎందుకు తీసేశావని అడిగితే, జరిగింది జరిగినట్టు ప్రతి వాటాకీ వెళ్ళి చెప్పింది. వాళ్ళు విని, అయ్యో పాపం అని, మళ్ళీ ఆమె లింకులే నొక్కుతున్నారు. అది చూస్తే ఆమెకి భయం.

అమ్మ కంట్లో రోజూ రెండుపూటలా చుక్కలు వెయ్యాలి. ఆ పని పిన్ని తీసుకుంది. ల్యాబు నుంచి నేరుగా వస్తుంది, చేతులు కడుక్కుంటుంది, సీసా కదిలిస్తుంది. మొన్న సాయంత్రం అమ్మ కుర్చీలో వెనక్కి వాలి, వేలితో రెప్ప కిందకి లాగి సిద్ధంగా ఉంది. పిన్ని చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయింది.

"అక్కా, ఏం మందు అని ఒక్కసారి అడుగు."

"ఎందుకే?"

"అడగవే. నేనేం వేస్తున్నానో నన్ను అడుగు."

"నువ్వేగా వేస్తున్నది" అంది అమ్మ. "వెయ్యి, మెడ లాగుతోంది."

పిన్ని సీసా మీదున్నదంతా పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా చదివి ఆగుతోంది, అమ్మ ఏమైనా అంటుందేమోనని. అమ్మ కన్ను తెరిచే ఉంచింది.