చప్పట్లు కొట్టించిన కాకులు

ఈ రోజు మొదటిసారి మా విజయనగరం ఫొటోగ్రఫీ క్లబ్బువాళ్లతో కళింగపట్నం బీచికి వెళ్లాను. అందరి మెడల్లో పెద్ద పెద్ద కెమెరాలు, నా చేతిలో ఫోను. ఒక్క మంచి ఫొటో అయినా తీయకపోతే పరువు పోతుందని నా భయం.

ఒడ్డున వల మీద చేపలు ఎండబెట్టి, కర్రతో కాకుల్ని తోలుతున్న ఒకామె కనిపించింది.

"పిన్నీ, ఆ కర్ర కాసేపు పక్కన పెట్టి ఇటు చూడవా?" అన్నాను.

పాపం, కర్ర కింద పెట్టి, కొంగు సర్దుకుని, చేపలవైపు వీపు పెట్టి నిలబడింది. నేను తీస్తూనే ఉన్నాను. చివరికి ఆమే వెనక్కి తిరిగి చూసి, "ఓలమ్మోలమ్మ, ఎత్తుకుపోతన్నాయే!" అని కర్ర అందుకుని పరుగెత్తింది.

నేను సారీ చెప్పేలోపే నవ్వేసింది. "పోన్లేమ్మా. ఫొటో బాగొచ్చినాదేటి? నాకోటి తెచ్చియ్యి."

తెస్తానని మాటిచ్చాను.

తర్వాత టీ తాగుతూ అందరం ఫొటోలు చూపించుకున్నాం. క్లబ్బు పెద్దాయన నా ఫోను అందుకుని, "వెనకాల ఆ కాకులే ఈ ఫొటోకి ప్రాణం!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడుతున్నట్టు థాంక్స్ చెప్పాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. కాకులు వాలడం నాకు స్క్రీన్ మీద ముందే కనిపించింది. ఫొటో బాగా వస్తోందని నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆ ఫొటో పెద్దది చేస్తే, కాకి ముక్కున ఆమె చేప స్పష్టంగా కనిపిస్తోంది. మీరైతే ఆమెకి ఈ ఫొటోనే ఇస్తారా?