కాకి రాని రోజు రొట్టె

మినపరొట్టె అడుగు మాడుతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ నాన్నే గుర్తొస్తాడు. ఆయన పోయి చాలా కాలమైంది.

స్వరాజ్యం రాకముందు మాట. గురజాల దగ్గర మా ఊళ్ళో అమ్మ నెలకోసారి వాకిట్లో విడిగా కూర్చునేది. ఎందుకని అడిగితే కాకి ముట్టిందనేవారు. ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు కనుక ఆ మూడు రోజులూ నాన్నే వండేవాడు. ఆయనకు బాగా వచ్చింది రొట్టె ఒక్కటే. చేలోంచి కందికట్టె తెచ్చి పొయ్యి రాజేసి, మందపాటి గిన్నెలో పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు పరిచేవాడు. ఆ రొట్టె మీది కరకరలాడే పెచ్చు కోసం నేను నెలంతా ఎదురుచూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో కందులు చెరుగుతుంటే ఆమె చుట్టూ జొన్నలు చల్లాను. అప్పుడే చేలోంచి వచ్చిన నాన్న చూశాడు.

“ఏందే ఆ పని?”

“కాకి రావాలి. అది అమ్మను ముడితే నువ్వు రొట్టె కాలుస్తావుగా.”

అమ్మ చేట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు. కాళ్ళు కడుక్కుని, మర్నాటికని అమ్మ రుబ్బి ఉంచిన పిండి తీశాడు.

ఎదురింటి మామ గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఏంది బావా, చెల్లెలు శుభ్రంగా కందులు చెరుగుతుంటే నువ్వు పొయ్యి కాడున్నావు? రేపు గాజులు కూడా తొడుక్కుంటావా?”

“పిల్ల రొట్టె అడిగింది. నువ్వూ రా, తిందువుగాని,” అన్నాడు నాన్న.

ఆ పూట అమ్మ కూడా పొయ్యి పక్కనే కూర్చుని వేడి రొట్టె తిన్నది.

మగవాడు వండితే ఊరు నవ్వకుండా ఉండేది ఆ మూడు రోజులే అని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు నాన్నకు ఏ సాకూ లేదు. అయినా వీధి తలుపు వేయలేదు.