నీచు లేని గంప

మా అమ్మ హజరాబీ చివరిసారిగా చేసిన మామూలు పని, ఎండుచేపల గంపను చింతపండు, ఇసుకతో తోమి ఎండలో బోర్లించడం. ఆ తర్వాత కుంకుడుకాయలతో తలంటుకుని, పెట్టెలో దాచుకున్న చీర కట్టింది.

సముద్రపు ఒడ్డున మా ఊళ్ళో ఎండబెట్టిన చేపల్ని ఆమె ఏళ్ళ తరబడి వెలిగొండ పల్లెలకు మోసింది. కావలిలో బస్సెక్కి ఉదయగిరిలో దిగితే, అక్కడినుంచి కొండదారిన నడకే. చేపలిచ్చి కుంకుళ్ళు, చింతపండు తెచ్చుకునేది. 1961 వేసవిలో ఆ పల్లెల పిల్లలకు తట్టు పోసింది. అమ్మవారున్న ఇంటి దరికి నీచు వాసన రాకూడదని ఆమెను ఊరి బయటే ఆపేశారు. ఏళ్ళుగా తన దగ్గర చేపలు కొనే ఆదిశేషమ్మ మనవరాలికీ తట్టు పోసిందని విని, ఎలా ఉందోనని అమ్మకు ఒకటే దిగులు. అందుకే ఈసారి గంపలో చేపలకు బదులు వేరుశనగ ఉండలు పెట్టుకుంది. నేనూ వెంట వెళ్ళాను.

"ఆణ్ణే ఆగు సాయిబమ్మా! నీచు తెచ్చినావా?" గుడిసెలోంచే అరిచింది ఆదిశేషమ్మ.

"లేదక్కా. వాసన చూసుకో. పెళ్ళికూతురు మాదిరి తలంటుకోని వచ్చినా."

"ఈ వయసులో నిన్నెవురు చేసుకుంటారే!" అని నవ్వి లోపలికి రానిచ్చింది.

చాపమీద మూడేళ్ళ పిల్ల పడుకుని ఉంది.

"గంజినీళ్ళు తప్ప ఏం పెట్టలా. అమ్మోరు దిగినా పథ్యం ఇడవకూడదు. అయినా చూడు, ఎట్ట ఒళ్ళు చేసిందో!"

అది ఒళ్ళు కాదు, నీరు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. జుట్టు రాగిరంగుకు తిరిగింది. తొడలమీద చర్మం పొరలుగా ఊడుతోంది. కంటిమీద ఈగ వాలినా పిల్ల రెప్ప కదపలేదు. ఆ ముసలమ్మ ముఖంలో మాత్రం మనవరాలు కోలుకుంటోందన్న సంతోషం.

అమ్మ ఒక ఉండను నీళ్ళలో మెదిపి పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆదిశేషమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు. మళ్ళా అమ్మోరొస్తే? నీ బిడ్డయితే పెడతావా?"

అమ్మ ముఖం నల్లబడింది. "అమీరూ, నువ్వు బయటికి పో నాయనా" అంది.

వాళ్ళు పిలిచాక తిరిగి లోపలికి వెళ్ళేసరికి, ఆదిశేషమ్మే ఏడుస్తూ ఆ ముద్దను వేలికొనతో పిల్ల నాలుకకు రాస్తోంది.

కొండ దిగేటప్పుడు అమ్మకు వడదెబ్బ తగిలింది. ఇల్లు చేరిన మర్నాడే పోయింది.

వానలు పడ్డాక ఆ మాట చెప్పడానికి మళ్ళీ కొండెక్కాను. పిల్ల గడపమీద కూర్చుని సంకటి తింటోంది. కాళ్ళు పుల్లల్లా ఉన్నా వాపు లేదు. ఆదిశేషమ్మ చాలాసేపు ఏడ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది:

"మీ అన్న ఉండుంటే ఇప్పుడు ఎన్నేళ్ళు నాయనా?"

నాకు అన్న లేడన్నాను.

"ఉండె గదా! తట్టు పోసినాక మీ యమ్మ కూడా వాడికి గంజే పట్టినాదంట, వాడు పోయేదాకా. ఆ పొద్దు నాకు చెప్పింది. బడేసాహెబ్ అంట, ఆ బిడ్డ పేరు."