అతుకుల బాబాయి రాయి

మా బాబాయిని ఇంట్లో అందరూ 'అతుకుల బాబాయి' అనేవాళ్లు. పేరు పెట్టింది నేనే, తన్నులు తిన్నదీ నేనే. పాత కట్టడాల్లో పగిలిన రాయి పీకేసి, దాని చోట కొత్తది చెక్కి ఇరికించడం ఆయన పని. ఆ పెద్ద బురుజు ఉందే, బిస్కెట్ డబ్బాల మీద కూడా బొమ్మేస్తారు, దాని పడమటి గోడకి ఏళ్లతరబడి అతుకులేశాడు. "నేనేసిన రాళ్లు చూపిస్తా" అని పిన్నిని ఊరించడమే గానీ తీసుకెళ్లింది లేదు. ఈలోగా రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది.

ఆయన పోయాక పిన్నిది ఒకటే పాట. "ఆయన పెట్టిన రాయి ఒక్కసారి ముట్టుకోవాలిరా." ఇంట్లో ఆయన చేత్తో చేసింది ఏదీ లేదు మరి. వంటగది గట్టు పగిలితే కూడా 'రేపు చూద్దాంలే' అన్న మేస్త్రీ!

పిన్నిని బురుజుకి తీసుకెళ్దామని కూరగాయల వ్యాను వాణ్ణి బతిమాలి తెచ్చా. దారంతా ఉల్లిపాయల కంపు.

"మీ బాబాయి పక్కన కూర్చున్నట్టే ఉందిరా," అని నవ్వింది పిన్ని.

పడమటి గోడ దగ్గర కాస్త తెల్లగా ఉన్న రాయి చూసి, "ఇదే పిన్నీ!" అని అరిచా.

ఆవిడ సందులో వేలు పెట్టి చూసింది. "పోరా సన్నాసీ. మీ బాబాయి అతుకులో గోరు కూడా దిగదు."

గోడంతా వెతికాం. అన్నీ ఒకే రంగు, ఒకే నునుపు.

"ముట్టుకోకూడదమ్మా!" అంటూ కాపలా ఆయన వచ్చాడు.

"బాబూ, ఇక్కడ కొత్తగా వేసిన రాళ్లెక్కడ?"

"కొత్తవా? కట్టినప్పటి రాళ్లేనమ్మా అన్నీ."

"మా ఆయన వేశాడు."

"కోతలు కోసుంటాడులెండి."

నేను మీదికి పోబోతే పిన్ని నా చొక్కా పట్టుకుని లాగింది. ఆయన వెళ్లాక, "చూశావా, ఎంత బాగా అతికాడో," అంది. అంటూనే గోడకి చేరగిలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చేవాళ్ల ముందు ఏ కోతివేషం వెయ్యాలో నాకిప్పటికీ తెలీదు.

"ఒక్కటంటే ఒక్క రాయి వంకరగా పెట్టి చావకూడదురా, మీ బాబాయి?"

ముక్కు తుడుచుకుని లేచి, గోడ ఆ చివర్నించి ఒక్కో రాయినీ తడమడం మొదలెట్టింది. కాపలా ఆయన ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను అడ్డంపడి ఆయన చెయ్యి పట్టేసుకున్నా.

"మావయ్యా, అర్జెంటు! బాత్రూం ఎటు? కాదు, నువ్వే వచ్చి చూపించు."