బాపు పట్టు రుమాలు

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పొద్దున ఆదిభట్ల ఆఫీసుకు పోతూ పట్టు స్కార్ఫును మెడకోసారి, జడకోసారి చుట్టుకుని, "గిదంత నీకేం తెలుసు నాయినమ్మా" అంది. అందుకే ఈ మాట.

నా ఈడు వాళ్లారా, మగవాళ్లు తలకు చుట్టే రుమాళ్లు గుర్తున్నాయా? మా బాపుది ఎర్రంచు పట్టు రుమాలు. సందుగ తెరిస్తే కర్పూరం వాసన. ఆయన పొలానికి పోగానే దాన్ని ఓణీగా వేసుకునేదాన్ని, నడుముకు బిగించేదాన్ని, పెళ్లికూతురిలా ముసుగేసుకునేదాన్ని. ఒకరోజు ఓణీగా వేసుకుని అల్లనేరేడు పళ్లు తిన్నాను. నల్లటి మరక పడింది.

మర్నాడు అక్క సంబంధం మాట్లాడడానికి బయలుదేరిన బాపు రుమాలు విప్పి ఆగిపోయాడు.

"ఎవరు కట్టుకున్నరే?"

"నేనే బాపు. దొంగతనం గాదు, కట్టి సూసిన."

దెబ్బకు వీపు సిద్ధం చేసుకున్నాను. ఆయన రుమాలును మెలిపెట్టి, మరక లోపలి చుట్టులోకి పోయేలా తలకు కట్టాడు.

"ఏమన్న కనవడ్తుందా?"

"లేదు బాపు."

"అయితే మీ అమ్మకు నువ్వు చెప్పకు, నేను చెప్ప."

గడప దాటి ఆయన మళ్లీ ఆగాడు.

"జర ఎనక గూడ సూడు బిడ్డా."

చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా లేదు.