కుర్చీకి ఎదురుగా పోస్టరు

తొంభైల్లో ఉత్తర మద్రాసులోని ఒక ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసేదాన్ని. ఒకరోజు మా వదినకే కాన్పులో రక్తం బాగా పోయింది. మా మేనమామది కూడా ఆమె గ్రూపే. సౌకార్‌పేట కొట్టు వదిలి ఆటోలో పరిగెత్తుకొచ్చాడు. తీరా కుర్చీలో కూర్చున్నాక, మడిచిన చొక్కా చేతిని కిందికి దించేసుకున్నాడు.

“ఈడ సూది పొడిపించుకుంటే ఎయిడ్స్ వస్తాదంట కదమ్మా?”

“సూది కొత్తది మామా. నీ ముందరే కవరు చించతా. రక్తం నీలోంచి వస్తాదే గానీ, నీలోకి ఏం పోదు.”

“అట్నే చెప్తార్లే.”

ఒళ్లు మండిపోయింది. వారానికి నలుగురైదుగురు ఇలాగే భయపడి లేచి వెళ్లిపోయేవారు. ఈ జబ్బు గురించి ప్రపంచమంతా సభలు పెడుతుంటే, సొంత మేనకోడలి మాట ఈయన చెవికెక్కడం లేదు.

“ఇన్ని ఊళ్లు తిరిగి వ్యాపారం చేసినావే, ఈ పిచ్చి మాటలు నీకెవరు చెప్పినారు మామా?” అని అరిచాను.

ఆయన నా వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. “మీరే కదమ్మా!”

తిరిగి చూశాను. ఏ దేశంలోనో అచ్చువేసి పంపిన పోస్టరు. పుర్రె, పక్కన సూది, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు, కింద పెద్దగా ఎయిడ్స్ అని. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడొద్దన్న ముక్క మాత్రం అడుగున, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

మామ రక్తమివ్వకుండానే వెళ్లిపోయాడు. వదినకు ఇంకోచోట రక్తం దొరికింది, బతికింది.

రక్తమిచ్చే ప్రతివాళ్లకూ కనబడాలని, స్టూలెక్కి ఆ పోస్టరు అంటించింది నేనే.