మేకల పెద్దమ్మ ఆపని బస్సు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, కారంపూడి బస్సుకు వెనక బొగ్గుల కుంపటి కట్టి, దాని గ్యాసుతో నడిపేవారు. ఆ బొగ్గు కోసం మా పొలాల్లో తుమ్మచెట్లన్నీ నరికేశారు. మా ఊళ్లో మేకలు కాసే పెద్దమ్మ దారికడ్డంగా పడుకుని ఆ బస్సును ఆపేసిందని యాభై ఏళ్లుగా చెబుతున్నాను. వినేవాళ్లు నోరు తెరిస్తే మూడు బస్సులు కూడా ఆపించాను.

ఆమె ఏ బస్సునూ ఆపలేదు. నరికిన ప్రతి మోడు దగ్గరా ఆగి అరచేత్తో తడిమేది. "ఇంకా తడారలేదు" అని, కొంగుకు చెయ్యి తుడుచుకుని, మేకల వెంట నడిచేది. అంతే.

చివరికి వాగు గట్టున ఒక్క చెట్టు మిగిలింది. ఎండాకాలమంతా దాని కాయలే ఆమె మేకలకు మేత. గొడ్డలి పట్టుకుని వెళ్లింది నేనే.

"ఏందయ్యా, దీన్ని కూడానా?"

"బస్సు నడవాలిగా పెద్దమ్మా."

"ఆ బస్సెక్కి నువ్వేడకి పోతావు?"

నాకు పోవాల్సిన ఊరేదీ లేదు. ఊరికే నవ్వాను.

"సరే, కొట్టుకో. నా మేకల మీద పడనీకు" అని వాటిని తనే పక్కకు తోలుకుంది.

మేత లేక ఆ ఏడే మేకలన్నిటినీ అమ్మేసింది. నా గొడ్డలి ఎవరికీ కనబడకుండా, ఇన్నేళ్లూ ఆమెను బస్సుకు అడ్డంగా పడుకోబెట్టాను.

ఇప్పటికీ వాగు గట్టున పోతుంటే అక్కడ ఆగుతాను. తడమడానికి మోడు కూడా లేదు.